కొత్త రక్తం కావాలట

తుర్దిఅలీ కుర్చీ చేతులను చొక్కా అంచుతో రుద్దుతున్నాడు. కుర్చీ అతనిది కాదు, అధికారి కాజిమ్‌జాన్‌ది. నలభై దాటిన మనిషి తుర్దిఅలీ. ముందుకు వంగిన భుజాలు, ఎప్పుడూ సగం నవ్వుతూ ఉండే పెదవులు. ఆ నవ్వు సంతోషం వల్ల వచ్చింది కాదు, అలవాటుగా అతుక్కుపోయింది. ఫర్గానా లోయలో ఆ చిన్న ఊరి భూముల కార్యాలయంలో అతను గుమాస్తా, అదీ తాత్కాలికం. జుట్టు నెరిసింది గానీ ఆ తాత్కాలికం మాత్రం తీరలేదు.

ఈమధ్య ప్రభుత్వానికి ఉన్నట్టుండి మెలకువ వచ్చింది. కొత్త ఉద్యోగులను తీసుకుంటాం, సిఫారసులు చెల్లవు, అంతా ప్రతిభే అంటూ గోడల నిండా బొమ్మలు అంటించింది. వాటిలో కోట్లు తొడుక్కున్న కుర్రకారు పళ్లికిలిస్తున్నారు. తుర్దిఅలీ కూడా దరఖాస్తు పెట్టుకున్నాడు.

"పోటీ పేరుకేనయ్యా తుర్దీ! నీ ఉద్యోగం నీకే. నేను లేనూ?" అన్నాడు కాజిమ్‌జాన్.

ఆ మాట నమ్మాడు, పిచ్చిమారాజు. పొద్దున చొక్కా ఇస్త్రీ చేస్తూ భార్య జూరాఖాన్, "ఈసారైనా పర్మినెంటు అవుద్దా?" అని అడిగితే, "ఖాయమే" అనేశాడు. ఆవిడ ఆ కబురు అప్పుడే వీధి వీధంతా పంచి ఉంటుంది.

మధ్యాహ్నానికి పరీక్ష చెయ్యడానికి నగరం నుంచి ముగ్గురు పెద్దమనుషులు దిగారు. ముందు పలావు లాగించారు. ఎముకలు చీకి, త్రేన్చి, ఆ తరువాత తీరిగ్గా ప్రతిభను వెతకడం మొదలుపెట్టారు. తుర్దిఅలీ వంతు వచ్చేసరికి అధ్యక్షుడు పళ్లసందున పుల్ల తిప్పుతూ ఒకే ఒక్క ప్రశ్న వేశాడు.

"ఖర్బూజా ఇంకా ఉందా?"

కోసి తెచ్చేలోపే పరీక్ష అయిపోయింది.

"కొత్త రక్తం కావాలంటోందయ్యా ప్రభుత్వం," అన్నాడు కాజిమ్‌జాన్, ముక్క కొరుకుతూ. "మా బావమరిది కొడుకు ఉక్తాంని తీసుకున్నారు. నువ్వేం బెంగపడకు. వాడికి పని నేర్పు, నీ సంగతి వచ్చే ఏడు చూద్దాం."

"తుర్దీ అన్నా, నా బల్ల కాస్త నీడకి జరుపుదూ," అన్నాడు ఉక్తాం, అప్పటికే కిటికీ దగ్గర కూర్చున్నచోటి నుంచే.

"అదంతా తరవాత. ముందు టీ పొయ్యవయ్యా," అన్నాడు అధ్యక్షుడు.

ఛీ, ఎంత సిగ్గులేని మూక! అయినా తుర్దిఅలీకి వాళ్లమీద కంటే తన పెదవులమీదే ఎక్కువ అసహ్యం వేసింది. అవి ఇంకా నవ్వుతూనే ఉన్నాయి.

అతను అధ్యక్షుడి ముందున్న పింగాణీ గిన్నెలో టీ పోశాడు. పోస్తూనే ఉన్నాడు. అధ్యక్షుడి నోట్లో పుల్ల ఆగిపోయింది.

"ఏవిటయ్యా ఇది? వచ్చినవాళ్లకి రెండు గుక్కలు పోస్తారు గానీ ఇలా నిండా పోస్తారా ఎక్కడైనా? మమ్మల్ని లేచి పొమ్మనా?"

"అంతేనండీ," అన్నాడు తుర్దిఅలీ.

"తుర్దీ! మతి పోయిందా?" అని అరిచాడు కాజిమ్‌జాన్.

తుర్దిఅలీ మేకుకు తగిలించిన టోపీ తీసి పెట్టుకున్నాడు. జూరాఖాన్‌కు ఏం చెప్పాలో తోచడం లేదు, అయినా గుమ్మం దాటేశాడు.

"ఎవర్రా అక్కడ, ఇది తియ్యండి!" అని గదిలోంచి కేక వినిపించింది. ఎవరూ కదల్లేదు. అలాంటివి తీసే మనిషి ఇప్పుడే వెళ్లిపోయాడు. అంచుదాకా నిండిన ఆ నీలి పింగాణీ గిన్నె, ముట్టుకుంటే ఒలికేలా, ముగ్గురు పెద్దమనుషుల మధ్య చల్లారుతూ ఉండిపోయింది.