తమ్ముడికి రాసిన దుకాణం

తాళాలాయన ఆకురాయితో కొత్త తాళంచెవికి పళ్ళు దిద్దుతున్నాడు. ఇత్తడి పొడి గోళ్ళ కింద, కనుబొమ్మల మీద పేరుకుంది. ఎదురుగా బల్ల మీద తమ్ముడు రోజూలాగే వచ్చి కూర్చుని ఆయాసపడుతున్నాడు. ఆ ఆయాసం అన్న చెవులకు విందుగా ఉంది.

పగ మరి ఊరికే పుట్టలేదు. తమ్ముడింట్లో అమ్మ మంచాన పడిందని చూడబోతే, దుకాణం తన పేర రాస్తేగాని తలుపు తియ్యనని లోపల గడియ పెట్టుకున్నాడు. ఊరందరి తాళాలూ తీసే మనిషి ఆ గుమ్మం ముందు చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. అమ్మ పోయిన కబురు అంతా అయ్యాకే తెలిసింది.

ఆ తర్వాత అడిగినట్టే రాశాడు, కాకపోతే వీలునామాలో. ‘తమ్ముడికి, అతని తదనంతరం అతని పిల్లలకు’ అని లాయరు రాయబోతే ఆ రెండో ముక్క కొట్టేయించాడు. పుచ్చుకునేవాడు రాసినవాడికంటే ముందే పోతే ఆ రాత చెల్లదట. దుకాణం కూడా మిగతా ఆస్తిలో కలిసి చెల్లెలికి పోతుందట. తమ్ముడిది అప్పటికే దెబ్బతిన్న గుండె. రాసిన సంగతి చెల్లెలి చేత చెప్పించాడు. మర్నాటి నుంచే తమ్ముడి రాకపోకలు మొదలయ్యాయి. ఆశ ఎంత పనైనా చేయిస్తుందని అన్న లోలోపల నవ్వుకున్నాడు. చుట్ట మానేశాడు, వేళకి తిన్నాడు, తుమ్మినా డాక్టరు దగ్గరికి పరిగెత్తాడు. నూరేళ్ళు అక్కర్లేదు, తమ్ముడి తర్వాత ఒక్క పూట చాలు.

“కాస్త నడుం వాలుస్తా అన్నయ్యా,” అన్నాడు తమ్ముడు మధ్యాహ్నం. అన్న ఆకురాయి ఆపలేదు. ఇన్నేళ్ళుగా తమ్ముడితో పలికింది లేదు. తాళంచెవి పూర్తయి ఆకురాయి ఆపాక, దుకాణంలో ఆయాసం కూడా వినబడలేదు.

కబురందుకుని తమ్ముడి కొడుకు మరో ఇద్దరిని వెంటబెట్టుకొచ్చాడు. నాలుక మీద ఏళ్ళుగా నానుతున్న మాటను తాళాలాయన ఆపుకోలేకపోయాడు.

“దుకాణం రాసింది మీ నాన్నకి, మీకు కాదు. నాకంటే ముందు పోయాడు. ఇక మీకు చిల్లిగవ్వ రాదు.”

కొడుకు తండ్రి చొక్కా గుండీ పెట్టాడు.

“నాన్నకి తెలుసు పెదనాన్నా. ఆయనా వేరే లాయరుని అడిగాడు. మేం వద్దన్నా వినకుండా రోజూ ఇక్కడికే వచ్చేవాడు. ఆ రోజు తలుపు తియ్యాల్సింది అనేవాడు.”

తాళాలాయనకు ఒళ్ళు మండింది. ఇంతకాలం కాచుకుని తీర్చుకున్న పగను కూడా వాడే ఎత్తుకుపోయాడు. ఆ ముక్క నాతో అనలేదేం అని నిలదీద్దామంటే మనిషి లేడు, ఉన్నన్నాళ్ళూ తను మాట్లాడనిచ్చిందీ లేదు.

మోసుకెళ్ళినవాళ్ళు తమ్ముడి చెప్పులు మరిచిపోయారు. మడమల దగ్గర అరిగి, బల్ల కింద పక్కపక్కనే ఉన్నాయి.