మెట్లగది పక్కన రేకు

పెద్దకోడలి మైనం మళ్లీ కరిగిపోయింది.

ఆ ఇంట్లో కొవ్వొత్తుల పని తోడికోడళ్లిద్దరిదీ. పలచటి మైనపు బిళ్లలను డాబా మీద, నల్లరంగు వేసిన ఇనపరేకులపై పరిచి, ఎండకు మెత్తబడగానే వత్తి చుట్టూ చుట్టాలి. వేడి చాలకపోతే బిళ్ల విరుగుతుంది, ఎక్కువైతే నీరవుతుంది. చిన్నకోడలి బల్ల డాబా మధ్యలో, పెద్దామెది మెట్లగది గోడ పక్కన.

ఒకే రేకును రెండు ముక్కలు చేసి, ఒకే డబ్బాలోని రంగు పూశారు. మరి చిన్నామె బిళ్లలు వెన్నలా మెత్తబడుతుంటే ఈవిడవి కరిగి కారడమేమిటి?

“చిన్నది నా రేకుకి ఏదో చేస్తోంది,” అంది మొగుడితో.

“ఏం చేస్తుంది? సూర్యుణ్ణి నీవైపు తిప్పిందా?” అని నవ్వాడతను.

ఆ నవ్వుకు ఆమె ఒంటికి కారం రాసినట్టయింది. అప్పట్నుంచీ చిన్నకోడలు పలకరిస్తే అనుమానం, పలకరించకపోతే ఇంకా అనుమానం. మర్నాడు తన బల్ల చుట్టూ తాళ్లు కట్టి దళసరి దుప్పట్లు వేలాడదీసింది. నడినెత్తి ఎండకు అడ్డం లేదు, పక్కనుంచి పరాయి చెయ్యి దూరదు.

ఆ పూట మైనం ఎప్పటికంటే ముందే కరిగి బల్లకాళ్ల మీదుగా కారింది.

“తెరలు కట్టినా వదల్లేదే!” అని పళ్లు నూరింది. ఆ మర్నాడు కొత్త బిళ్లలు పరిచి, తనే తెరల లోపల మాటు వేసింది. ఎవరూ రాలేదు. చెమటలు మాత్రం ధారలు కట్టాయి, ఊపిరాడలేదు. బయట అడుగుల చప్పుడైతే దుప్పటి చటుక్కున పక్కకు లాగింది. చిన్నకోడలు తన మానాన తాను బిళ్లలు తిప్పుకుంటోంది. గాలి ఒక్కసారిగా పెద్దామె ముఖాన కొట్టింది. ప్రాణం లేచొచ్చింది.

అప్పుడు తట్టింది. రేకు మీద వేలు పెడితే చుర్రుమంది. దుప్పట్లన్నీ లాగేసి, కాసేపాగి మళ్లీ వేలు పెట్టింది. ఈసారి ఓర్చుకోగలిగింది. ఎండ ఇచ్చే వేడి ఇద్దరికీ ఒకటే. గాలి పట్టుకుపోయే వేడిలోనే ఉంది తేడా అంతా. సగం గాలిని మెట్లగది గోడ ఆపితే, మిగతా సగాన్ని ఆమె దుప్పట్లు ఆపాయి.

తల కొట్టేసినట్టయింది. బల్ల ఈడ్చుకొచ్చి చిన్నకోడలి పక్కన వేసింది.

“ఏంటక్కా, నిన్నట్నుంచీ తెరల చాటున చేసుకుని ఇప్పుడు ఇటొచ్చావ్?”

“ఇక్కడ గాలి బాగుంది.”

“గాలి కోసమేనా?”

“మరింకెందుకు?”

చిన్నకోడలు తన బల్ల జానెడు అవతలికి జరుపుకుని, వత్తి చుడుతూనే ఓరకంట పెద్దామె చేతులను కనిపెడుతూ కూర్చుంది.