మంచు చూసొచ్చిన మనిషి

విసిరిన తాడు జెట్టీ మీది ఇనుప గుంజకు సరిగ్గా పడింది. గణేశ్వరరావు రెండో కొసను పడవ గుంజకు మూడు చుట్లు చుట్టి, మడమ కింద తొక్కిపెట్టి, పడవ బరువంతా తాడు మీదికి వచ్చేదాకా ఆగాడు. తాడు బిగుసుకుని నీళ్లు కక్కింది. అప్పుడు చెయ్యెత్తాడు. పై కేబిన్‌లోంచి సరంగు బాబ్జీ ఇంజను తగ్గించాడు. ర్యాంపు దిగింది. అవతలి ఒడ్డు బాంబూఫ్లాట్ నుంచి వచ్చిన స్కూటర్లు, ఒక కూరల ఆటో, క్యారియర్లు పట్టుకున్న ఆఫీసు జనం చాతం ఒడ్డున దిగి, మిడిల్ పాయింట్ బస్సు కోసం పరుగెత్తారు.

ఇరవై తొమ్మిదేళ్లుగా ఆయన పని ఇదే. ఈ ఒడ్డున విప్పడం, ఆ ఒడ్డున కట్టడం. అరచేతుల చర్మం ఎండుచేపలా గట్టిపడింది. వేళ్లు ఎంత చాచినా పూర్తిగా చాచుకోవు, అన్నం ముందు కూర్చున్నా ఏదో పట్టుకున్నట్టే వంగి ఉంటాయి. తాడును ఒకసారి తడిమితే ఇంకెన్నాళ్లు ఆగుతుందో చెప్పగలడు. మనుషులతో మాట మాత్రం తక్కువ.

ఆ రోజు ఆయన చెయ్యి మాటిమాటికీ చొక్కా జేబు మీదికి పోతోంది. జేబులో ప్లాస్టిక్ కవరు, అందులో మడతపెట్టిన కాగితం.

కాగితం ఆయన భార్య సరోజినిది. డాలీగంజ్‌లో ఇంటికి దగ్గరి సర్కారు బడిలో ఆమె ఆయా. మోకాళ్ల నొప్పులు పడలేక మార్చిలో ఉద్యోగం మానేస్తోంది. సర్కారు కొలువులో ఉన్నవాళ్లకు నాలుగేళ్లకొకసారి దేశంలో ఎక్కడికైనా వెళ్లి రావడానికి దారిఖర్చులు ఇస్తారు. దీవుల్లోనూ దాన్ని ఎల్టీసీ అనే అంటారు. సరోజినికి ఇది ఆఖరిది. బడిలో అపర్ణ టీచరు, మరో ఇద్దరు టీచర్లు క్రిస్మస్ సెలవుల్లో స్కీయింగ్‌కి పోదామనుకున్నారు. ఆయా దీదీ కూడా రావాల్సిందేనన్నారు. ఏ ఊరు అన్నదొక్కటే తేలలేదు. ఒకరు గుల్మార్గ్ అన్నారు, ఒకరు ఔలి అన్నారు, ఇంకొకరు మనాలీ అన్నారు.

పొద్దున్నే సరోజిని ఆ కాగితం టీ గ్లాసు పక్కన పెట్టింది. అన్ని గళ్లూ నింపి ఉన్నాయి. 'వెంట వచ్చే కుటుంబ సభ్యులు' అన్నచోట 'లేరు' అని ఆమె దస్తూరీయే. 'వెళ్లే చోటు' అన్న గడి ఒక్కటే ఖాళీ.

"అపర్ణ టీచరు నిన్నే అడగమంది. మీ ఆయన మంచు చూసొచ్చిన మనిషి, ఆయన ఏ ఊరు రాస్తే మేమందరం అదే రాస్తాం అంది. రేపు పొద్దున ఆఫీసులో ఇచ్చీయాల. సాయంత్రానికి రాసి తే."

సరోజిని ఆయన మొహంలోకి చూసింది. అలా చూసే అలవాటు ఆమెకు లేదు.

"నువ్వు చూశావు కదా," అంది మామూలుగా. చీపురు తీసుకుని వాకిట్లోకి పోయింది.

పన్నెండేళ్ల కిందటి మాట. అది ఆయన ఎల్టీసీ. మే నెలలో ముగ్గురూ గుల్మార్గ్ వెళ్లారు. కూతురు దీపికకు అప్పుడు పదేళ్లు. అక్కడ కింద అంతా పచ్చగడ్డి. మంచు పైన, కొండ నెత్తి మీద ఉంది. కేబుల్ కార్‌లో పోవాలి. అద్దెకు కోట్లు, బూట్లు తీసుకున్నారు. ఒక ఫోటోవాడు ఆయన చేతుల్లో రెండు స్కీ కర్రలు పెట్టి, వెనక తెల్లటి కొండ వచ్చేలా నిలబెట్టి, గడ్డి పడకుండా మోకాళ్ల పైనుంచి ఫోటో తీశాడు. తర్వాత క్యూలో గంటన్నర నిలబడ్డారు. గేటు దాకా వచ్చారు.

అందరూ పైనుంచి దిగి వస్తున్న గాజు పెట్టెను చూస్తున్నారు. గణేశ్వరరావు తాడును చూశాడు. ఇంతమంది బరువు దాని మీద ఉంది. దాన్ని ఎవరు కట్టారో తెలియదు, కొస ఎవరి చేతిలో ఉందో తెలియదు. అంతకుముందు ఏడాదే జెట్టీలో బిగిసిన తాడు తెగి, తనలాగే తాళ్లు కట్టే లాస్కర్ పైడిబాబు దవడ పగిలింది. తాడు తెగేటప్పుడు వచ్చే చప్పుడు ఆయన చెవిలో ఉండిపోయింది. కడుపులో బాగోలేదు, పోదాం పదండి అన్నాడు. సరోజిని, నువ్వు కూచో, నేనూ పాపా వెళ్లొస్తాం అంది. వద్దన్నాడు. ఆమె వినలేదు. అందరిముందూ గట్టిగా అరిచి, ఆమె చేతిలోంచి టికెట్లు లాక్కున్నాడు. క్యూలోని జనం పక్కకు జరిగి వాళ్లకు దారి ఇచ్చారు. దీపిక అద్దె బూట్లు విప్పనని మొండికేస్తే ఆయనే వంగి విప్పాడు.

ఎల్టీసీ నుంచి వచ్చినవాళ్లు పడవలో ఏదో ఒకటి పంచి, చూసింది చెప్పాలి. అది వాళ్ల ఆనవాయితీ. ఆయన అక్రోట్లు పంచాడు. ఫోటో చేతులు మారింది. అప్పుడు కొత్తగా చేరిన ఉమేష్, "స్కీయింగ్ కూడా చేశావేటన్నా?" అని అడిగాడు. గణేశ్వరరావు తల ఊపాడు. అంతే చేశాడు. మిగతా కథంతా పడవలోవాళ్లే అల్లుకున్నారు. ఆరోజు నుంచి ఎవరు చలిదేశం పోవాలన్నా ఆయన్ని అడిగి పోవడం మొదలైంది. దీపిక బడి నోటుబుక్కులో, 'మా నాన్న మంచు మీద జారాడు. జారుతూ నాకు చెయ్యి ఊపాడు' అని రాసింది. దాని కింద తండ్రి సంతకం కావాలి. ఆయన చదివాడు, సంతకం పెట్టాడు, పిల్ల మొహం చూడకుండా పుస్తకం ఇచ్చేశాడు.

సరోజిని ఎవరిదగ్గరా నోరు విప్పలేదు. ఆయన దగ్గర కూడా.

మూడో ట్రిప్పులో ఉమేష్ ఆయన జేబును చూశాడు.

"ఏటన్నా, లవ్ లెటరా? పొద్దుట్నుంచి తడుముకుంటన్నావు."

"మీ వదిన ఎల్టీసీ."

ఉమేష్ కవరు లాగి, కాగితం విప్పి చదివాడు. "అరే బాబ్జీ భయ్యా! వదిన స్కీయింగ్‌కి పోతాదట. ఊరు ఇంకా రాయనేదు."

బాబ్జీ కిటికీలోంచి తల పెట్టాడు. "గుల్మార్గ్ రాసీమను. గురువుగారు పాసయిన కాలేజీ అదే కదా."

"గుల్మార్గ్ అందరూ పోతారు. మనాలీ అసలైంది. మా బామ్మర్ది పోయొచ్చాడు," అన్నాడు ఉమేష్.

"నీ బామ్మర్ది మనాలీలో మూడు రోజులు మందు కొట్టి రూములో పడుకున్నాడు. ఆడు చూసింది దుప్పటి. ఆడి మాట నాకు చెప్పకు."

నిలబడ్డ ప్రయాణికులు కూడా నవ్వారు. ఉమేష్ కాగితం తిరిగి ఇస్తూ, "అన్నా, మా మాటలు వదిలీ. నువ్వు ఏటి రాస్తే అదే ఫైనల్," అన్నాడు. ఆ మాటలో వెటకారం లేదు. అదే గణేశ్వరరావుకు గుచ్చుకుంది.

"రాస్తాలే," అని తాడు చుట్ట చుట్టడం మొదలుపెట్టాడు.

మధ్యాహ్నం పడవ ఆగినప్పుడు ఒక్కడే లైఫ్ జాకెట్ల పెట్టె మీద కూర్చుని పెన్ను తీశాడు. గుల్మార్గ్ రాస్తే సరోజిని మళ్లీ అదే గేటు దగ్గర నిలబడాలి. పక్కన టీచర్లు, నువ్వు ముందే చూశావు కదా దీదీ, పైన ఎలా ఉంటుంది అని అడుగుతారు. ఆయన కోసం ఆమె అక్కడ కూడా తల ఊపాలి. ఇంకో ఊరు రాద్దామంటే, ఆ ఊళ్ల సంగతి ఆయనకు ఒక్క ముక్క తెలియదు. అక్కడా తాడు మీదే పోవాలేమో, ఆ మోకాళ్లతో ఆమె ఎక్కలేదేమో. ఊరు తప్పు రాస్తే సరోజినికి మంచు చూసే దారి ఇంక లేదు. పెన్ను మొన ఎండిపోయేదాకా ఆ గడి మీదే పట్టుకుని, మూతపెట్టి జేబులో పెట్టుకున్నాడు.

మూడుగంటల ట్రిప్పులో బాంబూఫ్లాట్ దగ్గర ఒక జవాను మోటారు సైకిలు ఎక్కించాడు. కుర్రాడు. ముక్కు మీద చర్మం ఎండకు పొరలు లేచింది. బండి నంబరు ఉత్తరాఖండ్‌ది. గణేశ్వరరావు బండి కదలకుండా చైను బిగిస్తున్నట్టు దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు. ఉమేష్ రెండు బారల దూరంలో ర్యాంపు చైను పట్టుకుని ఉన్నాడు. జవాను దిగిపోయేదాకా ఉన్నది ఇరవై నిమిషాలు. గణేశ్వరరావు హిందీలో అడిగాడు.

"భయ్యా, ఔలి మీవైపేనా?"

"హా చాచా. జోషీమఠ్ మా ఊరి పక్కనే. ఏం?"

"మంచు దగ్గరికి పోవాలంటే తాడు మీద వేలాడే బండి ఎక్కాలా?"

"అక్కర్లేదు. జీపు రోడ్డుంది. జీపు దిగితే కాలి కింద బరఫ్."

"ఆడమనిషి. యాభై అయిదేళ్లు. మోకాళ్లు బాగోవు."

"చిన్న దిబ్బ ఉంది చాచా, పిల్లలు నేర్చుకునేది. చెయ్యి పట్టుకుని జారిస్తారు. చేతకాకపోతే కుర్చీ వేసుకుని కూర్చోవచ్చు, చాయ్ తాగవచ్చు. మా అమ్మ అలాగే కూర్చుంటుంది."

"చలికి ఏం కట్టుకోవాలి?"

జవాను నవ్వాడు. మంచి నవ్వే. "మీరు ఎప్పుడూ మంచు చూడలేదా చాచా?"

ఇంజను మోతలో మాట వినబడాలని వాడు కొంచెం గట్టిగానే అన్నాడు. ఉమేష్ చేతిలో చైను ఆగింది. పైన కిటికీలో బాబ్జీ మొహం కనిపించింది. గణేశ్వరరావు తల కదపలేదు.

"లేదు," అన్నాడు. "చూడలేదు."

"మరి ఫోటోనో?" అన్నాడు ఉమేష్ తెలుగులో.

"అద్దె కర్రలు. పైకి ఎక్కనేదు. బయమేసింది."

ఉమేష్ ఆయనవైపు తిరిగాడు. "పన్నెండేళ్లు అన్నా! మా పిల్లలకి అన్నం పెడతా నీ కథే చెప్పీవోణ్ణి."

"గురువుగారు ఫెయిల్!" అని బాబ్జీ పైనుంచి అరిచాడు. బెంచీల మీద ఆడవాళ్లు ఎందుకో తెలియకుండానే నవ్వారు. ఉమేష్ నవ్వలేదు. గణేశ్వరరావు చెవులు కాలిపోతున్నాయి. ముందుకు నడిచి తాడు అందుకున్నాడు. చాతం జెట్టీ దగ్గరపడింది. విసిరాడు. తాడు గుంజకు అవతల పడి నీళ్లలోకి జారింది. పడవ పక్కకు కొట్టుకుపోయి మళ్లీ తిరగాల్సి వచ్చింది. ఎవరూ ఒక్క మాట అనలేదు. వాళ్లు నవ్వినా బాగుండేది అనుకున్నాడు. తడిసిన తాడు లాక్కుని రెండోసారి విసిరాడు. పడింది.

డ్యూటీ దిగాక జెట్టీ గోడకు కాగితం ఆనించి ఖాళీ గడిలో 'ఔలి' అని రాశాడు. చివరి అక్షరం గీత దాటింది.

ఇంటికి వచ్చేసరికి సరోజిని వాకిట్లో కత్తిపీట ముందు చేపలు తోముతోంది. కాగితం అరుగు మీద పెట్టాడు.

"ఔలి రాశాను. జీపు పోతాదట. తాడు బండి ఎక్కనక్కర్లేదు. చేతకాకపోతే కుర్చీ ఏస్తారట."

"నువ్వు చూసింది గుల్మార్గ్ కదా."

"నేనేటీ చూడనేదు," అన్నాడు. "పడవలో చెప్పీసేను. అందరి ముందూ."

ఆమె చెయ్యి ఆగింది. పొలుసులు అంటిన వేళ్లను నీళ్లలో ముంచి తీసింది. "ఆళ్లకి చెప్పావు. మంచిదే. పాపకి?"

"చెప్తాను."

"నువ్వు బయపడ్డావని నాకు కోపం నేదు. బయం ఎవలికైనా ఏస్తాది. మమ్మల్ని ఆపీసేవు చూడు, అదీ. పాప మెడ తిప్పి కొండని చూస్తా వచ్చింది, బస్సు మలుపు తిరిగీదాకా. నువ్వు చూళ్లేదు. ముందు సీట్లో కూకున్నావు."

ఆయన అరుగు మీద కూర్చున్నాడు. వంగిన వేళ్లను మోకాళ్ల మీద పెట్టుకుని వాటినే చూశాడు. కాసేపటికి, "నా ఎల్టీసీ కూడా అలాగే ఉంది. నేనూ రానా?" అన్నాడు.

సరోజిని చెయ్యి తుడుచుకుని కాగితం తీసుకుంది. కొత్తగా రాసిన అక్షరాల మీద వేలు పెట్టి, మెల్లగా చదువుకుంది.

"వద్దు," అంది. గొంతులో కోపం లేదు. "నువ్వొస్తే నాను మళ్లీ నీ మొహమే చూసుకుంటా కూకోవాల. ఈసారి మంచు చూడనీ."

దీపిక ఇప్పుడు కార్ నికోబార్‌లో నర్సు. దీపాలు పెట్టే వేళకు ఫోను కలిసింది. ఆయన చెప్పింది నాలుగు ముక్కలు.

"ఆ పేజీ నేను అప్పుడే చింపీసేను నాన్నా," అంది దీపిక. "అన్నం తిన్నావా?"

తిన్నానన్నాడు. తినలేదు.

డిసెంబరు ఇరవయ్యారున పొద్దున్న చినుకులు పడుతున్నాయి. అపర్ణ టీచరు ఆటో వాకిట్లో ఆగి హారను కొట్టింది. సరోజిని కొత్త కాన్వాసు బూట్లు తొడుక్కుంది. నాలుగు రోజులుగా వాటితో వంటింట్లో నడిచి అలవాటు చేసుకుంది. గడప మీద కూర్చుని లేసులు పట్టుకుంటే గణేశ్వరరావు వంగాడు.

"నేను కట్టనా?"

"వచ్చు," అందామె. తనే ముడి వేసుకుంది. వదులు ముడి. ఆయనకు ఊడిపోతుందనిపించింది, అయినా చెప్పలేదు. ఆమె ఆయన భుజం పట్టుకుని లేచింది. "కూర డేక్సాలో ఉన్నాది. రెండు పూటలకి వస్తాది." ఆటోలోంచి టీచరు, "అంకుల్, అక్కడ ఏం చూడాలో చెప్పనే లేదు!" అని అరిచింది.

"నేను ఎరగనమ్మా," అన్నాడు.

సరోజిని అప్పుడు ఒకసారి వెనక్కి తిరిగి ఆయన్ని చూసింది. ఆటో మలుపు తిరిగింది. ఎనిమిది గంటల పడవకు వేళవుతోంది. తాళం వేయడానికి గడప దాటాడు. కింద మెట్టు మీద ఆమె రబ్బరు చెప్పులు ఉన్నాయి, ఒకటి తిన్నగా, ఒకటి పక్కకు తిరిగి, మడమల దగ్గర పలచగా అరిగి. అయిదేసి వేళ్లు నొక్కిన గుంటల్లో చినుకులు ఒక్కొక్కటే నిలుస్తున్నాయి.