మిస్ ఫంగ్ నేర్పిన జవాబులు

నా మనవరాలు చింగ్ చింగ్ బొమ్మను చావబాదడం నేను మొదటిసారి చూసింది మిస్ ఫంగ్ ఆఫీసులోనే. నేల మీద రంగుల చాప, దాని మీద బుల్లి వంటిల్లు, పక్కన అమ్మ బొమ్మ, నాన్న బొమ్మ. ఒకటో తరగతి ఇంటర్వ్యూలో పిల్లల్ని ఇలాగే కూర్చోబెట్టి, ఎలా ఆడుకుంటారో టీచర్లు పక్కనుంచి చూస్తారట. మా పిల్ల నాన్న బొమ్మ చేతికి చెక్క గరిటె తగిలించి అమ్మ బొమ్మ మొహం మీద కొట్టించింది. ముక్కు సొట్టపోయేదాకా కొట్టించింది. తర్వాత అమ్మ బొమ్మను లేపి, నాన్న బొమ్మకి అన్నం వడ్డించింది.

మిస్ ఫంగ్ కనుబొమ్మ కూడా కదపలేదు. గరిటె తీసి సొరుగులో పెట్టేసింది.

"చింగ్ చింగ్ బంగారం, ఇంటర్వ్యూలో బొమ్మలు కనబడినా నువ్వు ముట్టుకోవద్దు. చెక్క దిమ్మలు తీసుకో. దిమ్మలతో వంతెన కట్టు. టీచర్లకి వంతెనలంటే ఇష్టం. సరేనా?"

పిల్ల బుద్ధిగా తలూపింది. పుండు ఒకచోట ఉంటే కట్టు ఇంకోచోట కట్టడం అంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది.

మిస్ ఫంగ్ పూర్వం ఏదో పెద్ద బడిలో టీచరు. ఇప్పుడు ప్రిన్స్ ఎడ్వర్డ్ పేటలో బేకరీ మీద ఆఫీసు పెట్టుకుని, మంచి బడుల్లో సీట్ల కోసం పిల్లల్నీ తల్లిదండ్రుల్నీ తయారుచేస్తుంది. ఆవిడ చేయి పడితే సీటు వచ్చినట్టేనని హో మాన్ టిన్ పేట తల్లులందరికీ గురి. ఏ బడికి దరఖాస్తు పెట్టాలో, ఆల్బంలో ఏ ఫోటో ఉండాలో, ముగ్గురూ ఏ రంగు బట్టలు వేసుకోవాలో, నవ్వినప్పుడు ఎన్ని పళ్ళు కనబడాలో, అన్నీ ఆవిడే చెబుతుంది. నన్ను మాత్రం ఫోటోల్లోంచి తీసేసింది. నేను షామ్ షుయ్ పో బజారులో చేపలు కోసి బతికినదాన్ని. నేను నోరు తెరిస్తే సీటు పోతుందట. పోనీలే అనుకున్నాను, నాకేమీ ఒకటో తరగతి సీటు అక్కర్లేదు కదా.

సీటు అక్కరైనవాడు నా అల్లుడు కిట్ హంగ్. బ్యాంకులో ఆఫీసరు. వాళ్ళ పైఆఫీసరు కూతుళ్ళు గుట్ట మీది ఆడపిల్లల బడిలో చదువుతారు. తన కూతురు కూడా ఆ తెల్ల గౌను వేసుకుని ఆ మెట్లు ఎక్కితే తప్ప తను మనిషినని నమ్మలేడు. బయట అతను పెద్దమనిషి. లిఫ్టులో ముసలివాళ్ళకి తలుపు పట్టుకుంటాడు. ఇంట్లో నా కూతురు పుయ్ లిన్‌ను కొడతాడు. పైన పటారం, లోన లొటారం.

ఆల్బం కోసం ముగ్గురూ ముదురు నీలం చొక్కాలు వేసుకుని కొండ ఎక్కి ఫోటోలు తీయించుకున్నారు. అతని భుజాల మీద పిల్ల, పక్కన పుయ్ లిన్. ఎంత ముచ్చటగా ఉందో చెప్పలేను. ఒక మంచి ఫోటోలో పుయ్ లిన్ కళ్ళు మూసుకుందని, దిగేటప్పుడు ఆమె జుట్టు వెనక నుంచి పట్టి నుదురు రాయికేసి కొట్టాడు. ఈ సంగతి చింగ్ చింగ్ నాకు మామిడిపండు పుడ్డింగు తింటూ చెప్పింది. "రక్తం కళ్ళలోకి వచ్చింది అమ్మమ్మా. నాన్న అమ్మకి టోపీ కొనిపెట్టాడు," అంది.

ఒక రోజు సాయంత్రం నేను చేప పులుసు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళేసరికి భోజనాల బల్ల దగ్గర పరీక్ష నడుస్తోంది.

"మీ నాన్నలో నీకేం ఇష్టం?" అని అడిగాడు కిట్ హంగ్.

పిల్ల ఆలోచించింది. "నాన్న ఆఫీసుకి వెళ్ళడం ఇష్టం," అంది.

అతను చాప్‌స్టిక్కులు మెల్లగా కింద పెట్టాడు. పొగలు కక్కుతున్న గంజి గిన్నె ఎత్తి పుయ్ లిన్ ఒళ్ళో కుమ్మరించాడు. అది కెవ్వుమని లేచేసరికి కుర్చీతో సహా గోడకి తోశాడు. నేను అడ్డం వెళితే నా చెయ్యి విదిలించి పారేసి, పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గొంతు మెత్తగా ఉంది.

"చూడు తల్లీ, నాన్న నిన్నెప్పుడూ కొట్టడు. నువ్వు జవాబు తప్పు చెబితే అమ్మకి పడుతుంది. సరిగ్గా చెబితే పడదు. నీ చేతిలోనే ఉంది. అర్థమైందా?"

"అర్థమైంది నాన్నా," అంది అయిదేళ్ళ పిల్ల.

బాత్‌రూంలో పుయ్ లిన్ తొడల మీద చన్నీళ్ళు పోస్తూ, "పద, ఇప్పుడే పద, నా ఇంటికి పోదాం. ఇరుకే, ఉప్పు కంపే, కానీ అక్కడ నిన్ను ముట్టుకునేవాడు లేడు," అన్నాను.

"ఇంటర్వ్యూ అయిపోనీ అమ్మా."

"ఇంటర్వ్యూ అయ్యేలోగా నువ్వు అయిపోతావే."

"తండ్రి పక్కన లేకపోతే వాళ్ళు అడుగుతారట. ఇల్లు మారినా అడుగుతారట. మిస్ ఫంగ్ చెప్పింది. సీటు వచ్చేదాకా ఓపిక పట్టమంది. సీటు వస్తే ఈయన కూడా చల్లబడతాడు."

నా కూతురు అకౌంట్లు చదివిన మనిషి. ఇంత తెలివి పెట్టుకుని ఇంత మూర్ఖపు మాట ఎలా అల్లిందో అని నాకు ఒళ్ళు మండింది. కానీ ఈ ఊళ్ళో ఆమె ఒక్కతే కాదు. దరఖాస్తులు వెళ్ళే నెలల్లో మా వాళ్ళు విడాకులు ఆపుకుంటారు, ఆపరేషన్లు ఆపుకుంటారు, మంచం మీద ఉన్న ముసలివాళ్ళని కూడా సీట్లు తేలేదాకా పోకుండా ఆగమంటారు. ముందు సీటు, తర్వాతే ప్రాణం.

మర్నాడు నేను ఒక్కదాన్నే మిస్ ఫంగ్ ఆఫీసుకి వెళ్ళాను.

"అమ్మాయ్, నీకు తెలుసు కదా?" అన్నాను.

ఆవిడ తలుపు మూసి వచ్చి కూర్చుంది. "తెలుసు మామ్మగారూ. చింగ్ చింగ్ ఆట చూసిన రోజే తెలుసు."

"తెలిసి వాడికి నవ్వడం నేర్పుతున్నావా?"

"నా పని సీటు తెప్పించడం. నేను పోలీసుని కాదు. ఆవిడ నా దగ్గర ఒక్కసారి కూడా నోరు విప్పలేదు. కందకి లేని దురద కత్తిపీటకెందుకు చెప్పండి."

"కంద కాదే అది. నా కూతురు."

ఆవిడ నా చేతులకేసి చూసింది. "ఇంటర్వ్యూ రోజు మీ అమ్మాయిని పొడుగు చేతుల జాకెట్టు వేసుకోమనండి. మెడ పైదాకా గుండీలు ఉన్నది. ఎండగా ఉన్నా సరే," అంది.

బల్ల మీద వరసగా పేర్చిన దిమ్మల వంతెనను చేత్తో ఒక్క తోపు తోశాను. గోడకి తగిలి చెల్లాచెదురయ్యాయి. నేను లిఫ్టు దగ్గర నిలబడి ఉండగా, లోపల ఒక్కొక్కటీ ఏరుకుని మళ్ళీ పేర్చుకుంటున్న చప్పుడు వినిపించింది.

మొదటి ఇంటర్వ్యూ అద్భుతంగా జరిగింది. నేను గేటు బయట ఎండలో నిలబడ్డాను. లోపల మా పిల్ల వంతెన కట్టిందట, పక్కపిల్లకి దిమ్మ ఇచ్చిందట, బయటికి వచ్చేటప్పుడు నడుం వంచి దణ్ణం పెట్టింది. కిట్ హంగ్ పిల్లని భుజాల మీద ఎక్కించుకుని గుట్ట దిగాడు. పుయ్ లిన్ గుండీలు మెడదాకా పెట్టుకుని వెనకాల నడిచింది. ఆ వారమంతా ఇంట్లో దెబ్బ పడలేదు. చింగ్ చింగ్ నా చెవిలో, "నేను అన్నీ సరిగ్గా చెప్పాను కదా, అందుకే," అంది. దాని గొంతులో గర్వం.

తర్వాత రెండో ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. మిస్ ఫంగ్ మరింత జోరు పెంచింది. ఈసారి అడిగేవాళ్ళు ఎవరైనా కావచ్చు, హెడ్మిస్ట్రెస్ కావచ్చు, గేటు దగ్గర కాపలావాడు కావచ్చు, కొత్త మనిషి ఎవరు వంగి ప్రశ్న అడిగినా అదే ఇంటర్వ్యూ అనుకోమని పిల్లకి నూరిపోసింది. పండ్ల దుకాణంవాడు పేరు అడిగినా పిల్ల కాళ్ళు దగ్గరికి చేర్చి, చేతులు కట్టుకుని, నాన్న గురించి చెప్పడం మొదలుపెట్టేది.

ఆదివారం మధ్యాహ్నం నేను పంది ఎముకల సూపు కుండ పట్టుకుని వెళ్ళాను. తలుపు తీసే ఉంది. హాల్లో కిట్ హంగ్ సోఫాలో, పిల్ల ఎదురుగా నిలబడి, పుయ్ లిన్ గోడ వారగా కొయ్య స్టూలు మీద.

"మీ ఇంట్లో ఎవరికైనా కోపం వస్తుందా?" అని అడిగాడు. కొత్త ప్రశ్న. మిస్ ఫంగ్ పంపిందట.

పిల్ల నోరు తెరిచింది. తండ్రిని చూసింది, తల్లిని చూసింది. గౌను అంచు పిడికిట్లో నలిపింది. నేర్పని ప్రశ్నకి జవాబు ఎక్కడినుంచి తెస్తుంది పాపం.

"చెప్పు."

కాళ్ళ మధ్య నుంచి ఉచ్చ కారి నేల మీద మడుగు కట్టింది.

అతను లేచి, పుయ్ లిన్‌ను జుట్టు పట్టి ఇవతలికి లాగి, ఆమె కింది స్టూలు ఎత్తాడు. "రోజంతా ఇంట్లో ఏం నేర్పుతున్నావే దీనికి?" అంటూ కొట్టాడు. పుయ్ లిన్ తలకి చెయ్యి అడ్డం పెట్టింది. ఎముక విరిగిన చప్పుడు నాకు తెలుసు, జీవితమంతా చేపల వెన్ను విరిచాను. మళ్ళీ ఎత్తాడు. ఈసారి వీపు మీద పడింది. మూడోసారి ఎత్తేలోగా సూపు కుండ అతని తల మీద పగలగొట్టాను.

ఎందుకు దాచాలి, హాయిగా అనిపించింది. వేడి సూపు మెడలోంచి కారుతుంటే అతను గుడ్డిగా చేతులు తిప్పి నా గొంతు దొరకబుచ్చుకున్నాడు. గోడకి నొక్కి పిసికాడు. కళ్ళకి చీకట్లు కమ్మాయి. పక్కింటివాళ్ళు పరుగున వచ్చి లాగకపోతే ఈ కథ చెప్పడానికి నేను ఉండను.

పక్కింటివాళ్ళు ఫోన్ చేసి తమ తలుపు వేసుకున్నారు, పోలీసులు ఇద్దరు వచ్చారు. ఒక మగాయన, ఒక అమ్మాయి. వాళ్ళకి కనబడింది ఏమిటంటే, తల పగిలి నెత్తురోడుతున్న ఒక బ్యాంకు ఆఫీసరు, చేతిలో కుండ పిడితో ఒక చేపల ముసల్ది.

"మా అత్తగారికి మతి స్థిమితం లేదండి. మా ఆవిడ తడి నేల మీద జారిపడింది. పట్టుకోబోతే ఈవిడ వెనకనుంచి కొట్టింది," అన్నాడు కిట్ హంగ్. అప్పుడు కూడా గొంతు ఎంత మర్యాదగా ఉందో.

"అబద్ధం," అనబోయాను. గొంతు నలిగి గాలి తప్ప మాట రాలేదు.

"మీరు చెప్పండమ్మా," అని మగ పోలీసు పుయ్ లిన్‌ను అడిగాడు. అది నేల మీద చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. మొగుణ్ణి చూసింది. "జారిపడ్డాను," అంది.

ఆయన నా చేతిలోంచి కుండ పిడి తీసుకున్నాడు. నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ పోలీసు అమ్మాయి మాత్రం గోడ మూల తడి గౌనుతో నిలబడ్డ చింగ్ చింగ్ దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద వంగింది.

"ఏమైందో నాకు చెబుతావా తల్లీ? మీ నాన్న ఏం చేశాడు?"

కొత్త మనిషి. వంగి అడిగింది. మా పిల్ల కాళ్ళు దగ్గరికి చేర్చింది. చేతులు కట్టుకుంది. ఎన్ని పళ్ళు కనబడాలో అన్నే కనబడేలా నవ్వింది.

"మా నాన్న చాలా మంచివారు. ఆదివారం మమ్మల్ని కొండకి తీసుకెళతారు. నాకు భయం వేస్తే దగ్గరికి తీసుకుంటారు. మా ఇంట్లో అందరం ప్రేమగా ఉంటాం," అంది. ఒక్క అక్షరం తొట్రుపడలేదు. నడుం వంచి దణ్ణం పెట్టింది.

కిట్ హంగ్ ఊపిరి వదిలాడు. "విన్నారుగా," అన్నాడు.

చింగ్ చింగ్ అతని వైపు తిరిగింది. మొహం వెలిగిపోతోంది.

"ఈసారి అన్నీ సరిగ్గా చెప్పాను నాన్నా. ఇంక అమ్మని కొట్టవు కదా?"

నా మణికట్టు మీద పట్టు సడలింది. ఆ పోలీసు అమ్మాయి లేచి నిలబడి, నెమ్మదిగా వెళ్ళి కిట్ హంగ్‌కీ పిల్లకీ మధ్య నిలుచుంది.

అప్పుడు పుయ్ లిన్ గోడకి ఆనుకుని పైకి లేచింది. "నేను జారిపడలేదండి. స్టూలుతో కొట్టాడు. ఇదివరకూ కొట్టాడు," అంది.

చింగ్ చింగ్ కీచుమని అరిచింది. తండ్రి కొట్టినప్పుడు కూడా అలా అరవలేదు. పరుగున వచ్చి తల్లి నడుం పట్టుకుని ఎగబాకి, రెండు చేతులతో ఆమె నోరు మూసేసింది.

"అలా చెప్పకూడదమ్మా. అది తప్పు జవాబు. నీకు పడుతుందమ్మా. మళ్ళీ చెప్పు, సరిగ్గా చెప్పు," అని ఏడుస్తూ, మూసిన నోటిని ఇంకా గట్టిగా నొక్కింది.

పుయ్ లిన్ విరగని చేత్తో ఆ చేతుల్ని ఒక్కొక్కటిగా పక్కకి తీసి, మళ్ళీ మొదటినుంచి చెప్పింది.