ఏడో మునక

నాలుక మీద ముందు ఉప్పు తగిలింది.

ఆ వెనకే తీపి.

తీపంటే బెల్లం తీపి కాదు. గోదారి నీళ్ళ తీపి. గుక్కెడు తాగితే ఇంకో గుక్కెడు తాగాలనిపించే తీపి... అది ఉప్పులో కలిసిపోతూ, పోలేకపోతూ, పెదవుల మీద కాసేపు నిలిచింది.

చొల్లంగి అమావాస్య. ఇంకా తెలవారలేదు. పాదాల కింద బురద, నడుం దాకా నీళ్ళు, అవతల నల్లగా మడచెట్లు. చుట్టూ జంటలు — కొంగుముళ్ళతో, చలికి వణుకుతూ, కళ్ళు గట్టిగా మూసుకొని. మునిగి లేచిన సత్యలక్ష్మి ముఖం మీది జుట్టు ఇంకా తోసుకోనే లేదు, పక్కనించి మొగుడు అడిగాడు.

"ఉప్పా, తీపా?"

పుణ్యస్నానంలో ఇదేం ప్రశ్న? ఆమె పెదవులు చప్పరించి చూసింది. నవ్వొచ్చింది.

"రెండూనండి."

గున్నేశ్వరరావు కూడా నవ్వాడు. అతని కండువా అంచుకీ ఆమె చీర కొంగుకీ వేసిన ముడి నీళ్ళ మీద తేలుతోంది.

గట్టు మీద అత్తగారు మహాలక్ష్మమ్మ పొడిబట్టలు పట్టుకొని నిలబడింది. ఆవిడ పక్కనే అమ్మణ్ణి. సత్యలక్ష్మి చెల్లెలు. లంగా ఓణీ వేసుకునే పిల్ల, ఇంకా రెండు జడలు కూడా మానలేదు.

వంటకి చెయ్యిసాయంగా తీసుకొచ్చామన్నారు అమ్మణ్ణిని.

వంటకి కాదు. సత్యలక్ష్మికి తెలుసు. అమ్మణ్ణికీ తెలుసు. అత్తగారు దాపరికం లేని మనిషి. పెనుగొండలో బయలుదేరే ముందే, తమలపాకుకి సున్నం రాసుకుంటూ, మంచినీళ్ళడిగినంత తేలిగ్గా చెప్పేసింది.

"ఇదే ఆఖరి ప్రయత్నం సత్యలక్ష్మీ. ఈ ఏడు కూడా నీ కడుపు పండలేదనుకో, అమ్మణ్ణిని తెచ్చుకుంటాం. మీ నాన్నగారు సరేనన్నారు. పరాయిపిల్లని తెచ్చి నీ నెత్తిన పెట్టట్లేదుగా."

ఎంత దయ!

సత్యలక్ష్మి తలూపింది. ఊపక ఏం చేస్తుంది? పెళ్ళై పదేళ్ళు దాటింది. మొక్కని దేవుడు లేడు, మింగని మందు లేదు. ఇక మిగిలింది ఈ ఏడు సాగరాల యాత్ర ఒక్కటే.

ధవళేశ్వరం దాటాక గోదారి ఒక్క గోదారి కాదు. ఏడుగురు ఋషులు తలో పాయా పట్టుకొని సముద్రానికి నడిపించుకుపోయారని చెబుతారు. పిల్లలు లేని మొగుడూపెళ్ళాలు ఆ ఏడు పాయల దగ్గరా కొంగుముడి వేసుకొని మునగాలి. చొల్లంగిలో అమావాస్యనాడు మొదలుపెట్టి, అంతర్వేదిలో భీష్మ ఏకాదశికి ముగించాలి. ఒక్క రేవు తప్పినా యాత్ర యాత్ర కాదు.

ఏడుగురు మహానుభావులు! నదిని నడిపించారు గానీ, ఆడదాని ఒంటికీ ఒక నడక ఉంటుందని ఒక్కరికీ తోచలేదు.

బస్సు. పడవ. పంటు. మళ్ళీ బస్సు.

దివిసీమని తుఫాను మింగిన శీతాకాలం అది. ఇటువైపు కూడా తలలు తెగిన కొబ్బరిచెట్లు దారి పొడుగునా కనిపిస్తున్నాయి. గున్నేశ్వరరావు కిటికీలోంచి అన్నీ చూపిస్తున్నాడు. బజార్లో బట్టల కొట్టు అతనిది. తానులు విప్పుతూ, బేరానికొచ్చినవాళ్ళకి ఊళ్ళ చరిత్రలు చెప్పడం అలవాటు. ఇంట్లో మాత్రం పెళ్ళానికి ఏనాడూ చెప్పలేదు.

ఇప్పుడు చెప్పాడు.

కోరంగిలో చెప్పాడు — ఇదొకప్పుడు పెద్ద రేవు, ఇక్కడే ఓడలు కట్టేవాళ్ళు, ఇక్కడే ఎక్కి బర్మా వెళ్ళేవాళ్ళు. ఒక ఉప్పెన వచ్చింది. ఊరూ లేదు, ఓడలూ లేవు. సత్యలక్ష్మి ఆ బురదనీ, ఎండుగడ్డినీ, ఒంటికాలి మీద నిలబడ్డ కొంగనీ చూసింది. ఓడలు తిరిగిన చోటు ఇలా అయిపోతుందా అనుకుంది. చెయ్యి తనకు తెలియకుండానే పొట్ట మీదికి పోయింది.

యానాంలో ఫ్రెంచివాళ్ళ వీధులు చూపించాడు. తీర్థాలమొండి దగ్గర పడవలో ఎండకి ఆమె తల మీద కండువా కప్పాడు. కుండలేశ్వరం గుడి మెట్ల మీద కూచొని ఒకే విస్తట్లో పులిహోర తిన్నారు.

ప్రతి రేవులోనూ అదే మాట.

"ఉప్పా, తీపా?"

"ఇక్కడ తీపే ఎక్కువండి."

ఒకచోట పాయే పూడిపోయింది. పేరు మిగిలింది, నీళ్ళు మిగల్లేదు. పడవ నడిపే బుల్లియ్య ఒక గుంట చూపించి, "ఇదేనండి బాబూ, అందరూ ఇక్కడే మునుగుతారు" అన్నాడు. ఆ మోకాలిలోతు నీళ్ళలో ఇద్దరూ పడుకున్నట్టుగా మునిగారు. లేచాక ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు — ఒళ్ళంతా నాచు. అతను అడగబోయాడు, ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. పగలబడి నవ్వారు. గట్టు మీద మహాలక్ష్మమ్మ మొహం తిప్పుకుంది.

చెప్పకూడదు గానీ, సత్యలక్ష్మి సుఖపడింది. బిడ్డ కోసం వచ్చిన యాత్రలో మొగుడు దొరికాడు. పదేళ్ళుగా పక్కనే ఉన్న మనిషి, ఇన్ని రేవులు తిరిగితే గానీ దొరకలేదు.

ఇంకొక్కటే ఉంది. అంతర్వేది.

ఏకాదశి తెల్లవారుజామున, సత్రం వెనక నూతి దగ్గర, ఆమెకి నెలసరి వచ్చింది.

రావలసిన రోజు కాదు. చలికి తడిసి తడిసి, తిరిగి తిరిగి, ఒళ్ళు లెక్క తప్పింది. చీర కుచ్చిళ్ళు పట్టుకొని అలాగే నిలబడిపోయింది. నూతి గట్టు చల్లగా ఉంది. గుడిలో రథం కోసం మేళాలు మొదలయ్యాయి.

చేద తీసుకొని వచ్చిన అమ్మణ్ణి చూసేసింది.

అక్క మొహం చూసింది, చీర చూసింది. చేద కింద పెట్టి దగ్గరికొచ్చింది.

"చెప్పకక్కా. నేనూ చెప్పను. ఒక్క మునకేగా... మునిగి వచ్చెయ్."

పిచ్చిపిల్ల. ఆ ఒక్క మునకతో తన మెడకి చుట్టుకోబోయేది కూడా తప్పుతుందని దాని ఆశ. సత్యలక్ష్మి చెల్లెల్ని ముట్టుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ చెయ్యి వెనక్కి పోవడంలోనే ఉంది అంతా. చిన్నప్పటినించి నేర్పిన భయం అది.

జనం రథం వైపు. వీళ్ళు గట్టు వైపు.

అన్నాచెల్లెళ్ళ గట్టంటారు దాన్ని. ఇటు గోదారి, అటు సముద్రం, మధ్యన ఇసుక. రెండు నీళ్ళూ కలిసేచోట గీత కనిపిస్తుంది — ఇవతల మట్టిరంగు, అవతల నీలం. అన్నాచెల్లెళ్ళకి గట్టుంది. అక్కాచెల్లెళ్ళకి ఏదీ లేదు.

పురోహితుడు సంకల్పం చెప్పించాడు. కొంగుముడి పడింది. గున్నేశ్వరరావు ముందడుగు వేశాడు. ముడి బిగిసింది. ఆమె కదల్లేదు.

అల కాలిగోళ్ళ ముందుదాకా వచ్చి ఆగి వెళ్ళిపోయింది.

ఒక్క మునక. ఎవరికి తెలుస్తుంది? గోదారి చెబుతుందా, సముద్రం చెబుతుందా?

కానీ బిడ్డ... ఈ ఒంటితో మునిగితే, పుట్టబోయే బిడ్డకి ఏమన్నా అవుతుందేమో. కన్నువంకరో, కాలువంకరో. అమ్మ చేసిన పాపానికి ఆ పసిగుడ్డు ఏం చేసింది? కడుపులో పడని బిడ్డని, ఎప్పుడు పడుతుందో తెలియని బిడ్డని, ఆమె అప్పుడే కాపాడుకోవడం మొదలుపెట్టింది.

"నేను బయట చేరానండి" అంది.

గున్నేశ్వరరావు ఒక అడుగు పక్కకి జరిగాడు. కోపంతో కాదు. అలవాటు. ఇంట్లో నెలనెలా జరిగే అడుగే అది. కానీ ముడి ఉంది కదా — కండువా లాగినట్టయింది, ఆమె కొంగు జారింది. ఆమే వంగి, తన చేత్తోనే ముడి విప్పుకుంది.

మహాలక్ష్మమ్మ తిట్టలేదు. ఇసకలో కూలబడింది.

"ఆరు మునిగి ఏడోది వదిలేస్తే ఎలాగండీ?" అని పురోహితుణ్ణి అడిగింది.

"దానికేమమ్మా. దర్భ ముడేసుకొని అబ్బాయిగారొక్కరూ మునగొచ్చు. తప్పు లేదు."

అత్తగారి కళ్ళు మెల్లగా తిరిగాయి. అమ్మణ్ణి మీద ఆగాయి.

"దర్భెందుకండీ, పిల్ల ఉందిగా. రేపో మాపో పడాల్సిన ముడే."

అందరూ గున్నేశ్వరరావు వైపు చూశారు.

దర్భ చాలమ్మా. అతను ఆ ఒక్కమాట అంటే చాలు. సత్యలక్ష్మి దాని కోసం ఊపిరి బిగబట్టి ఎదురుచూసింది. మునిగిపోయిన రేవుల గురించి, బర్మా ఓడల గురించి, ఫ్రెంచివాళ్ళ గురించి అన్ని మాటలున్న మనిషి. ఈ ఒక్కమాట లేకపోయింది అతని దగ్గర. ఇసకలోకి చూస్తూ నిలబడ్డాడు.

అత్తగారే లేచింది. కండువా అంచూ ఓణీ చెంగూ కలిపి ముడేసింది.

"అక్కా" అంది అమ్మణ్ణి.

అంతే అంది. చెప్పొద్దన్నానుగా అని ఆ కళ్ళు అడుగుతున్నాయి. వెళ్ళమనడానికి సత్యలక్ష్మికి నోరు రాలేదు. వద్దనడానికీ రాలేదు. దూరంగా ఉండాల్సిన మనిషి కాబట్టి — దూరంగా జరిగింది. ఇంకా జరిగింది. ఎండిన తాటిదుంగ ఒకటి కనిపిస్తే దాని పక్కన ఇసకలో కూచుంది.

గుడి వైపునించి గోవిందనామాలు. రథం కదిలినట్టుంది.

నీళ్ళలో రెండు తలలు. రెండూ మునిగాయి. కాసేపు ఏమీ లేదు — మట్టిరంగు, నీలం, మధ్యలో గీత.

రెండూ లేచాయి.

అమ్మణ్ణి దగ్గుతోంది, జడలు మెడకి అతుక్కున్నాయి. అతను ముఖం తుడుచుకున్నాడు. పక్కకి తిరిగాడు. సముద్రం మీది గాలి ఇటే వీస్తోంది. వినకూడదనుకున్నా వినిపించింది.

"ఉప్పా, తీపా?"

అలవాటు. కోపమూ కాదు, ద్రోహమూ కాదు... అలవాటు. నోరు దానంతటది అడిగేసింది.

అమ్మణ్ణికి ఆ ప్రశ్న అర్థం కాలేదు. బిత్తరపోయి గట్టు మీద అక్క కోసం వెతికింది.

ఆ రోజు ఒక్క చుక్క నీళ్ళు కూడా తగలని సత్యలక్ష్మి, తాటిదుంగ పక్కన, పెదవులు చప్పరించి చూసింది.

"ఉప్పేనండి" అంది.

తీపి కోసం ఇంకాసేపు ఆగింది.