ముస్తాబైన నీరసం

నాది సెలూన్. మా ఆవిడ టైలరు. రెండేళ్లుగా ఆమెను నీరసం వదలడం లేదు. ఒక రోజు పది కాజాలు కుడితే మర్నాడు దువ్వెన ఎత్తడానికి చెయ్యి రాదు.

మొదట రక్తం తక్కువన్నారు. మాత్రలతో రక్తం పట్టింది. తర్వాత థైరాయిడ్ బయటపడింది. అదీ అదుపులోకి వచ్చింది. దొరికిన ప్రతి జబ్బూ నిజమే, తగ్గిందీ నిజమే. ఆమె మాత్రం లేవలేదు. పోయినసారి డాక్టరమ్మ, “ఇక దిగులేనేమో. వచ్చేసారీ ఇంతే అయితే మనసు డాక్టరుకు రాసి ఈ ఫైలు మూసేస్తాను” అంది.

“దిగులు లేదనను. అది నీరసం వెనకాల వచ్చింది, ముందు కాదు. ఆ మాట నమ్మే మనిషి ఒక్కరు కావాలి నాకు” అంది మా ఆవిడ ఇంటికొచ్చాక.

ఎప్పటిలాగే ఈసారీ రెండు రోజుల ముందు నుంచి ఆమెను మంచం దిగనివ్వలేదు. రేపు ఆసుపత్రి అనగా తల కడిగి దువ్వుతున్నాను.

“ఏంటండీ ఈ ముస్తాబు? డాక్టరమ్మ నన్ను కోడలిగా చేసుకుంటుందా?”

“నా పెళ్లాం చింపిరి జుట్టుతో వెళ్తే నా సెలూన్ పరువేం కాను?”

నవ్వింది. తర్వాత మెల్లగా, “ఆవిడ ఎప్పుడూ ఈ ముస్తాబైన మనిషినే చూసింది కదండీ” అంది.

దువ్వెన ఆగిపోయింది. ఆరుసార్లు తీసుకెళ్లాను. ఆరుసార్లూ పోగేసిన ఓపికతో, నున్నగా దువ్విన తలతో. అంతా ఆమె కోసమే అనుకున్నాను. కానీ ఆ బల్ల ముందు ఆమె నిటారుగా కూర్చుంటే, ఆ పావుగంటా నా భార్యకు ఏ జబ్బూ లేదు. ఆ పావుగంట నాకు కావలసి వచ్చింది.

“రేపు వద్దు. శుక్రవారానికి మార్చండి. గురువారం నేను కుట్టుకుంటాను.”

“పడిపోతావే!”

“పడితే మీరు చూడగలరా?”

“రోజూ చూస్తూనే ఉన్నాగా.”

“మీరు దుప్పటి సర్దుతారండీ. చూడరు.”

శుక్రవారం ఆమె కుర్చీలో ఒరిగిపోయి కూర్చుంది. మాట ముద్దగా వస్తోంది. డాక్టరమ్మ కలం పక్కన పెట్టి, “ఇలా ఎప్పటి నుంచి?” అంది.

“నిన్న కాస్త...” అని నేను అందుకోబోయాను.

“మీరుండండి” అంది మా ఆవిడ. “నిన్న కుట్టు పని చేశాను డాక్టరమ్మా. చేసిన మర్నాడల్లా ఇంతే.”

“పని చేసిన మర్నాడు ఇలా కూలబడతారని నాకెవరూ చెప్పలేదే!” డాక్టరమ్మ ఫైలులో కొత్త కాగితం పెట్టింది. “ఇది తేల్చాల్సిందే. మొదటి నుంచి చెప్పమ్మా.”

ఆమె కళ్లు మూసుకునే చెప్పసాగింది. మాటమాటకూ ఆగుతోంది. డాక్టరమ్మ తొందరపెట్టలేదు. నేను ఆమెనే చూస్తూ కూర్చున్నాను.