మా వాళ్ళు చేస్తారు

ఆ ఇంట్లో స్నానం చేసేవాళ్ళు ముగ్గురు, నీళ్ళు తోసేది మాత్రం ఒక్కతే. ఆ స్నానాల గది కట్టిన మహానుభావుడు ఎవరో కానీ, నేలకి వాలు నీళ్ళు పోయే జాలి వైపు పెట్టాల్సింది పోయి గుమ్మం వైపు పెట్టాడు. జాలి ఒక మూల నోరు ఎండబెట్టుకుని కూర్చునేది. పోసుకున్న నీళ్ళన్నీ గడప దగ్గరికి చేరి, హాల్లోకి రావాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు నిలబడేవి. అత్తగారు స్నానం చేసి వచ్చాక ఒకసారి, భర్త వచ్చాక ఒకసారి, తన స్నానం అయ్యాక తన వెనకే ఒకసారి, రబ్బరు చీపురు పట్టుకుని ఆమె ఆ నీళ్ళని ఎదురు వాలుకి తోసేది. తోసిన వాటిలో సగం మళ్ళీ వెనక్కి వచ్చేవి.

"రెండు నిమిషాల పనే కదా, దానికి అంత మొహం పెట్టాలా?" అనేవాడు భర్త, తడికాళ్ళతో హాలంతా తిరుగుతూ.

నిజమే, రెండు నిమిషాల పనే. ఆ మాటకొస్తే ఆమె చేసేవన్నీ రెండు నిమిషాల పనులే. పక్కదుప్పటి సరిచేయడం రెండు నిమిషాలు, పొయ్యి గట్టు తుడవడం రెండు నిమిషాలు, ఆయన జేబులో మరిచిపోయిన చేతిరుమాలు తీసి నానబెట్టడం రెండు నిమిషాలు. ఒక్కదానికీ పని అని పేరు పెట్టి చెప్పుకునేంత పొడుగు లేదు. పైగా చేసిన ప్రతిదీ సాయంత్రానికల్లా చెరిగిపోతుంది. తోమిన గిన్నెలు మళ్ళీ అంటగిన్నెలే, మడిచిన బట్టలు మళ్ళీ మాసినవే. ఇన్నేళ్ళుగా తాను చేసిన పనిని వేలు పెట్టి చూపించమని ఎవరైనా అడిగితే ఎక్కడ చూపించాలో ఆమెకు తెలియదు. అడిగినవాళ్ళు లేరు కనుక ఇబ్బంది రాలేదు, అంతే.

ఆఫీసులోనూ ఇదే తంతు. చేతికి వచ్చిన కాగితాలు కంప్యూటర్లోకి ఎక్కించడం ఆమె ఉద్యోగం. కానీ ఎవరి పుట్టినరోజైనా కేకు ముక్కలు కోయాల్సింది ఆమె, బయటివాళ్ళొస్తే టీ కప్పులు సర్దాల్సింది ఆమె. "మీ చెయ్యి పడితే ఆ పద్ధతే వేరండీ" అని మేనేజరు మెచ్చుకునేవాడు. ఆమె దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు ఆమె పై సీట్లోకి వెళ్ళిన రోజు కూడా ఆ మెచ్చుకోలే మిగిలింది. కేకు కోసింది కూడా ఆమే.

ఆ ఆఫీసులో మరుగుదొడ్లు పాతబడితే కొత్తగా టైల్స్ వేయించారు. "ఇంటి పనులు తెలిసినవారు, కాస్త దగ్గరుండి చూసుకోండి" అని ఆ బాధ్యత కూడా ఆమెకే తగిలించారు. అలా నిలబడి చూస్తుండగా, టైల్స్ వేసే ముసలి మేస్త్రి గోడకి గమ్ము రాసి, పళ్ళ తాపీతో గీతలు గీసి, ఏమనుకున్నాడో ఏమో ఒక టైలు ఆమె చేతికిచ్చాడు.

"నిలబడి నిలబడి విసుగొచ్చినట్టుంది తల్లీ. ఇది అతికించు."

ఆమె నవ్వి, చీర కొంగు దోపుకుని, టైలు పెట్టి అరచేత్తో నొక్కింది. మేస్త్రి రసమట్టం పెట్టి చూశాడు. అందులోని గాలిబుడగ కాసేపు అటూ ఇటూ ఊగి మధ్యలో ఆగింది. మర్నాడు ఆఫీసుకి రాగానే ఆమె ముందు తన సీటుకి వెళ్ళలేదు, ఆ గోడ దగ్గరికి వెళ్ళింది. టైలు అక్కడే ఉంది. చేసిన పని చేసినచోటే ఉండటం ఆమె జీవితంలో అదే మొదటిసారి. తలుపు వేసుకుని, ఎవరూ లేరు కదా అని, దాన్ని వేళ్ళతో నిమిరింది.

ఆ తర్వాత సెలవు రోజులన్నీ మేస్త్రి వెంటే గడిచాయి. ఎవరైనా అడిగితే కుట్టు నేర్చుకుంటున్నానని చెప్పేది, కుట్టైతే ఎవరికీ అభ్యంతరం ఉండదు కనుక. టైల్స్ కోయడం నేర్చుకుంది, వాలు తీయడం నేర్చుకుంది, కోసిన ముక్కలు కంటికి ఆనకుండా మూలకి ఎలా పంపాలో నేర్చుకుంది. అన్నిటికంటే ముందు మేస్త్రి నేర్పింది మాత్రం కొట్టి వినడం. తాపీ పిడితో టైలు మీద కొడితే, గట్టిగా పట్టుకున్నది 'టక్' మంటుంది, లోపల గుల్లైనది 'డబ్' మంటుంది.

"బాగుందా అని ఇంటివాళ్ళని అడక్కు. అందరూ బాగానే ఉందంటారు. కొట్టి చూసుకో" అనేవాడు.

ఉద్యోగం మానేసి సొంతంగా ఇదే పని చేసుకుంటానని చెప్పిన రోజు ఇంట్లో పెద్ద గొడవేం జరగలేదు. భర్త నవ్వాడు. నవ్వు ఆగాక, "ఏసీలో కూర్చునే ఉద్యోగం వదిలేసి పరాయివాళ్ళ బాత్రూముల్లో గొంతుక్కూర్చుంటావా? మావాళ్ళకి ఏమని చెప్పుకోను?" అన్నాడు. అత్తగారు, "ఆడదాని చేతులు అలా సిమెంటులో పెడితే పనికొస్తాయిటే?" అంది. ఎందుకు పనికిరావో చెప్పలేదు. అయినా ఆమె వెళ్ళింది. వేళ్ళ చివర్లు పగిలి, అన్నం కలుపుకుంటే మండి ప్రాణం పోయేది. ఒకరోజు కంచం ముందు కూర్చునేసరికి పక్కన ఒక చెంచా ఉంది. ఆ మర్నాడూ ఉంది. అత్తగారు అటువైపు చూడనైనా చూడలేదు. ఆమె చెంచాతో తింది.

మొదట ఇంట్లో స్నానాల గదే పగలగొట్టి, మేస్త్రి పక్కన ఉండగా తన చేత్తో వాలు సరిచేసింది. పని పూర్తయిన మర్నాడు భర్త స్నానం చేసి వచ్చి, "తువ్వాలు ఎక్కడ పెట్టావ్?" అన్నాడు. అత్తగారు మాత్రం బయటికొచ్చి వెనక్కి తిరిగి చూసి, "ఇదేమిటే, నీళ్ళు వాటంతట అవే పోతున్నాయి!" అని కాసేపు అక్కడే నిలబడి, ఆఖరి చుక్క పోయేదాకా చూసింది.

నోటి మాట మీద పనులు రావడం మొదలయ్యాయి. ఫోను చేసినవాళ్ళు ఆమె గొంతు వినగానే, "మేస్త్రిగారు లేరా అమ్మా?" అనేవాళ్ళు. ఒకసారి ఫోను భర్త చేతికి చిక్కింది. "ఆఁ, చెప్పండి" అన్నాడు. ఎంత హుందాగా అన్నాడంటే, పక్కనున్న ఆమెకి కూడా ఒక్క క్షణం ఆయనే మేస్త్రేమో అనిపించింది. అప్పటి నుంచి ఫోన్లు ఆయనే తీయడం మొదలుపెట్టాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళి గోడల్ని పైకీ కిందకీ చూసేవాడు, "అదేం పెద్ద పని కాదండీ, మా వాళ్ళు చేస్తారు" అనేవాడు. ఆ మా వాళ్ళంతా కలిపి ఆమె ఒక్కతే. గమ్ము బస్తా మోసేదీ, నేల ఊడ్చేదీ ఆ మా వాళ్ళే. సర్లే, నాలుగు పనులు వస్తున్నాయి కదా అని ఆమె ఊరుకుంది. ఊరుకోవడం ఆమెకి కొత్త కాదు.

అలా వచ్చిందే నర్సమ్మగారి పని. ఆవిడ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యింది. ఆవిడ అక్కగారు తుంటి ఎముక విరిగి ఆసుపత్రిలో ఉంది. ఆదివారం ఇంటికి పంపుతారు. ఆ మనిషి లేచి నిలబడాలంటే పట్టుకోవడానికి బాత్రూము గోడకి స్టీలు కడ్డీ బిగించాలి. బిగించే ముందు, వెలిసిపోయిన టైల్స్ మార్చాలి.

"పాతవి పగలగొట్టి దుమ్మంతా రేపడం దేనికండీ? వాటి మీదే కొత్తవి అతికించేస్తాం. శనివారానికి మీ చేతికి" అన్నాడు భర్త కాఫీ తాగుతూ. కుర్చీ ఆయనకే వేశారు. ఆమె కాఫీ గమ్ము బస్తా మీద చల్లారింది. మాట ఇచ్చేసి ఆయన ఆఫీసుకి వెళ్ళిపోయాడు.

ఆమె గోడని కొట్టి చూసింది. మూడు వరుసలు టక్కుమన్నాయి. కుళాయికి అటుపక్క, నడుమెత్తున, చాలాచోట్ల 'డబ్' మంది. భర్తకి ఫోను చేసి చెప్పింది.

"అవతల మాట ఇచ్చానే బాబూ. ఇప్పుడు కాదంటే నా పరువేం కాను? నువ్వు ఏదో ఒకటి సర్దెయ్" అన్నాడు.

సర్దెయ్ అన్న మాట వినగానే చేతులు వాటంతట అవి కదిలాయి. ఎన్నేళ్ళ అలవాటు! కూరలో ఉప్పెక్కువైతే సర్దింది, ఆయన చెప్పిన అబద్ధానికి వాళ్ళన్నయ్య ముందు సర్దింది, ఆఫీసులో ఒకరి తప్పు ఇంకొకరికి తెలియకుండా సర్దింది. గుల్లైనచోట గమ్ము మందంగా దట్టించి, దాని మీద కొత్త టైలు నొక్కింది. పైకి ఎంత అందంగా కనబడిందంటే, నర్సమ్మగారు వచ్చి చూసి మురిసిపోయింది. సాయంత్రానికి ఆ గోడ పొడుగునా రెండు వరుసలు వేసి ఇంటికి వెళ్ళింది.

పొద్దున్నే వచ్చి, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, తాపీ పిడితో తాను అతికించిన టైల్స్ మీద కొట్టింది. డబ్. పక్కదాని మీద. డబ్. బరువుకి వెనక పాతవి కూడా గోడని వదిలేసినట్టున్నాయి. కడ్డీ బిగించాల్సిన చోటు సరిగ్గా అదే. విరిగిన తుంటితో ఒక పెద్దావిడ, తన ఒంటి బరువంతా వేసి ఆ కడ్డీ పట్టుకుని లేవబోవడం ఆమె కళ్ళముందు కదిలింది. కడ్డీ చేతికి వస్తుంది, దానితోపాటు గోడా వస్తుంది. గోడ మీద కోపం రాలేదు ఆమెకి. భర్త మీద కూడా, చిత్రంగా, అంతగా రాలేదు. నిన్న ఆ శబ్దం విన్నది తన చెవులు. దాని మీద అతికించింది తన చేతులు. ఇన్నాళ్ళూ తాను సర్దిన వాటన్నిటి వెనకా ఇలాగే ఎంతెంత గుల్ల ఉందో!

తాను అతికించిన మొదటి టైలు మీదే ఉలి పెట్టి సుత్తితో కొట్టింది.

చప్పుడుకి నర్సమ్మగారు పరుగున వచ్చింది. "అయ్యో అయ్యో, నిన్న వేసినవే కదమ్మా! ఇదేం చోద్యం?"

"నిన్న నేను తప్పు చేశానండీ. గోడ లోపల వదిలేసి ఉంది. తెలిసే దాని మీద అతికించాను. ఇదిగో వినండి." ఇంకో టైలు మీద కొట్టి వినిపించింది. "మొత్తం తీసి, గోడ పూసి, ఆరాక వేయాలి. పగలగొట్టిన కొత్తవాటి ఖర్చు నాదే."

"మరి ఆదివారానికి?"

"అవదండీ."

అవదు అన్నాక ఆ వెనకే 'కానీ' అనో 'చూస్తానండీ' అనో ఒక మాట రావాలి. అలవాటుగా నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె దాన్ని అక్కడే ఆపేసింది.

నర్సమ్మగారికి కోపం వచ్చింది. వస్తుంది మరి. "అందరూ ఇంతే! పని ఒప్పుకునేదాకా ఒక మాట, ఒప్పుకున్నాక ఒక మాట. ఉండు, మీ ఆయనతోనే మాట్లాడతా" అంటూ ఫోను చేసింది. ఆయన ఆఫీసుకి వెళ్ళే దారిలోనే ఉన్నట్టున్నాడు, కాసేపట్లో ఊడిపడ్డాడు. గుమ్మంలో నిలబడి, బూట్ల మీద పడిన దుమ్ము చూసుకుని, గొంతు తగ్గించాడు.

"పిచ్చిపట్టిందా నీకు? శనివారానికని చెప్పానా లేదా? నేనిచ్చిన మాట ఏమైపోవాలి?"

"మీ మాట మీరే చూసుకోండి. ఈ గోడ నాది."

"నలుగురిలో నన్ను..."

"నలుగురెక్కడున్నారు? ఉన్నది ముగ్గురం. అందులో టైలు అతికించడం వచ్చింది ఒక్కదానికే."

నర్సమ్మగారు ఆయన వైపు చూసింది, ఆమె వైపు చూసింది. తర్వాత ముందుకొచ్చి, వంగి, వేళ్ళు మడిచి స్వయంగా గోడ మీద కొట్టి చూసింది. జీవితమంతా రోగుల ఛాతీ మీద వేళ్ళతో కొట్టే డాక్టర్ల పక్కన నిలబడ్డ మనిషి. మళ్ళీ చెప్పించుకోనక్కర్లేకపోయింది.

"అక్క పట్టుకునే చోటు ఇదేనా?"

"అదేనండీ."

"ఆసుపత్రిలో ఇంకో నాలుగు రోజులు ఉంచమంటాను. నన్ను కాదంటారా, చూస్తాను. బుధవారానికి ఇస్తావా?"

"గురువారం అనుకోండి. బుధవారానికి అయితే సంతోషిద్దురుగాని."

"అయినా నువ్వే చేస్తున్నప్పుడు, ముందే నాతో నువ్వే మాట్లాడి ఉండాల్సిందమ్మా" అని గొణుక్కుంటూ ఆవిడ వంటగదిలోకి వెళ్ళింది.

భర్త ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు. "ముందు ఇంటికి పద. అక్కడ మాట్లాడుకుందాం" అన్నాడు.

ఆమె తీరిగ్గా రెండో వరుస మీద ఉలి పెట్టి, ఒక్కొక్కటే ఊడదీసింది. నిన్న తాను నొక్కినవి, వాటి వెనక ఎవరో ఎప్పుడో నొక్కినవి, రెండూ కలిసి పెచ్చులుగా నేల మీద పడ్డాయి. వెనక అసలు ఇటుక కనబడింది. ఎర్రగా, గరుకుగా, తడిలేకుండా ఉంది. దాని మీద కొట్టి చూసింది. గట్టిగా ఉంది. దీని మీద ఎంత బరువైనా నిలుస్తుంది. ఆమెకి చాలా రోజుల తర్వాత గుండెల నిండా ఊపిరి అందింది, అంత దుమ్ములోనూ.

పెచ్చులు తట్టలోకి ఎత్తి లేచి నిలబడింది. వాటిని పోయాల్సిన ఖాళీ బస్తా గుమ్మం పక్కన, ఆయన కాళ్ళ దగ్గరే ఉంది.

"ఎలాగూ నిలబడే ఉన్నారు కదా, ఆ బస్తా మూతి తెరిచి పట్టుకోండి. రెండు చేతులతో" అంది.

ఆ మాట ఎవరితో అన్నదోనని ఆయన వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు.